మన మిక్సీ అమెరికాలో తిరుగుతుందా? విదేశాలకు వెళ్ళేముందు కరెంటు సామాను ఎలా చూసుకోవాలి

అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టులో మొదలవుతుంది కాబట్టి జూలై వచ్చేసరికి మన దగ్గర చాలా ఇళ్ళలో సూట్‌కేసులు హాల్లోకి వచ్చేస్తాయి. పచ్చళ్ళు, పొడులు, ప్రెషర్ కుక్కర్ అన్నీ తూకం వేసి మరీ సర్దుతారు. కరెంటు వస్తువుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అడాప్టర్ కొన్నాం కదా, అన్నీ పనిచేస్తాయిలే" అని ఊరుకుంటారు. అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో మిక్సీలు, రైస్ కుక్కర్లు సముద్రాలు దాటి వెళ్ళి అల్మారాల్లో పడి ఉంటున్నాయి. కొన్ని కాలిపోతున్నాయి కూడా. సర్దడం మొదలుపెట్టే ముందు ఒక గంట కూర్చుని ఈ కింది పనులు వరసగా చేయండి.

మొదటి పని: వెళ్ళే దేశంలో కరెంటు ఎంతో తెలుసుకోండి

మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటు. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందో చెప్పే లెక్క. అమెరికా, కెనడాల్లో మామూలు సాకెట్‌లో 120 వోల్టులు, 60 హెర్ట్జ్ వస్తుంది. అంటే అక్కడ వోల్టేజి మనదాంట్లో సగం, హెర్ట్జ్ మాత్రం మనకన్నా ఎక్కువ. జపాన్‌లో వోల్టేజి ఇంకా తక్కువ, 100 వోల్టులే.

బ్రిటన్, ఐర్లండ్, జర్మనీ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, మలేషియా, దుబాయ్ వంటి చోట్లకు వెళ్ళేవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. అక్కడ కూడా 230 వోల్టులకు అటూ ఇటూగా, 50 హెర్ట్జే. కువైట్, ఖతర్‌లలో 240 అని రాసి ఉన్నా మన వస్తువులకు ఇబ్బంది లేదు. అక్కడ తేడా అంతా ప్లగ్గులోనే. సౌదీ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. అక్కడ 60 హెర్ట్జ్ కరెంటు. పైగా పాత ఇళ్ళలో 127 వోల్టుల సాకెట్లు, 220 వోల్టుల సాకెట్లు రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. గదిలో దిగిన రోజే ఏది ఏదో అడిగి తెలుసుకోండి.

ఇక్కడినుంచి ఎక్కువగా అమెరికా గురించే చెబుతాను. చిక్కంతా అక్కడే ఉంది. మిగతా దేశాల మాట ప్లగ్గుల దగ్గర వస్తుంది.

రెండో పని: ప్రతి వస్తువునూ తిరగేసి చదవండి

ల్యాప్‌టాప్ ఛార్జర్ చేతిలోకి తీసుకోండి. మధ్యలో ఉండే నల్లటి ఇటుకలాంటి డబ్బా మీద చాలా చిన్న అక్షరాలు ఉంటాయి. చదవడానికి ఇబ్బందిగా ఉంటే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. అందులో ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రెండు వరుసలు కనిపిస్తాయి. చాలామంది అవుట్‌పుట్ దగ్గర ఉన్న 5 వోల్టులో, 19 వోల్టులో చూసి కంగారు పడతారు. ఆ వరసతో మనకు పని లేదు. ఇన్‌పుట్ వరస చూడండి. అక్కడ "100-240" అని, పక్కనే "50/60" అని ఉంటే ఆ వస్తువు ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది. ప్లగ్గు మారిస్తే చాలు.

ఇప్పుడు మిక్సీ జార్లు తీసేసి, మోటారు డబ్బాను బోర్లించండి. అడుగున స్టిక్కరో, రేకు పలకో ఉంటుంది. దాని మీద "230 వోల్టులు, 50 హెర్ట్జ్, 750 వాట్లు" అని ఒకే అంకెలు ఉంటాయి, "నుంచి, దాకా" అనే పరిధి ఉండదు. అంటే ఆ వస్తువు ఆ ఒక్క కరెంటు కోసమే తయారైంది. "220-240" అని ఉన్నా అంతే. అది చూసి రెండు రకాలకూ పనికొస్తుందని పొరబడకండి. 100తో గానీ 110తో గానీ మొదలై 240 దాకా వెళ్తేనే రెండు చోట్లా పనికొస్తుంది.

ఇంట్లో నుంచి తీసుకెళ్దామనుకుంటున్న ప్రతి వస్తువుకీ ఇలా చూసి, ఒక కాగితం మీద పేరు, వోల్టులు, హెర్ట్జ్, వాట్లు రాసుకోండి. ట్రిమ్మర్, ఎలక్ట్రిక్ టూత్ బ్రష్, హెయిర్ స్ట్రెయిటనర్, కెమెరా ఛార్జర్ ఏదీ వదలొద్దు. ట్రిమ్మర్లలోనే ఒక మోడల్ ఎక్కడైనా పనిచేస్తుంది, అదే కంపెనీ ఇంకో మోడల్ 230కే పరిమితం. కంపెనీ పేరు చూసి నిర్ణయించే వీలు లేదు.

మూడో పని: మూడు కుప్పలు పెట్టండి

వస్తువు లోపల కరెంటు ఏం పని చేస్తుందో దాన్ని బట్టి విడదీయండి. బ్యాటరీ ఛార్జ్ చేసేవి ఒక కుప్ప. వేడి పుట్టించేవి ఇంకో కుప్ప. మోటారు తిప్పేవి మరో కుప్ప.

ఛార్జర్ల కుప్పతో గొడవ లేదు. ఫోన్, ల్యాప్‌టాప్, ట్యాబ్, ఇయర్‌బడ్స్, కిండిల్ వంటివాటి ఛార్జర్లు ఈ రోజుల్లో దాదాపు అన్నీ 100-240కే వస్తున్నాయి. చదివి నిర్ధారించుకుని సర్దేయండి.

వేడి కుప్ప మొత్తం ఇంట్లోనే వదిలేయండి. ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్, హెయిర్ డ్రయర్, బకెట్లో నీళ్ళు కాచే రాడ్డు అన్నీ ఇందులోకే వస్తాయి. వోల్టేజి సగమైతే వేడి కూడా సగం వస్తుందిలే అనుకుంటారు. అలా జరగదు. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది, అంటే వోల్టేజి సగమైతే వేడి నాలుగో వంతే వస్తుంది. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు ఇచ్చే ఇస్త్రీ పెట్టె 120 వోల్టుల దగ్గర 270 వాట్లే ఇస్తుంది. చొక్కా మీద గంటసేపు రుద్దినా మడత పోదు. 700 వాట్ల రైస్ కుక్కర్‌కు దక్కేది 190 వాట్లు. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. ఇంత వాటేజిని వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్‌తో నడపాలంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ బరువే కిలోలకు కిలోలు ఉంటుంది. పైగా రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, కెటిల్ అక్కడి సూపర్ మార్కెట్లలో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. యూనివర్సిటీ హాస్టల్లో ఉండబోయే పిల్లలైతే ఇంకో సంగతి చూసుకోవాలి. చాలా హాస్టళ్ళు గదుల్లో వేడి పుట్టించే సామాను వాడనివ్వవు. వాళ్ళ నిబంధనలు ముందే చదవండి.

స్టెబిలైజర్, దీపావళికి గుమ్మానికి కట్టే సీరియల్ లైట్లు, దోమల మెషీన్ కూడా వదిలేయాల్సినవే. ఎలక్ట్రిక్ దీపం, శ్లోకాల బాక్సు కావాలంటే యూఎస్‌బీ తీగతో నడిచేవి కొనుక్కోండి. ఫోన్ ఛార్జర్‌కే తగిలించుకోవచ్చు.

ఇక మిగిలింది మోటార్ల కుప్ప. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ, మైక్రోవేవ్ గురించి ఆలోచించనే వద్దు. మన వంటింటి ప్రాణమంతా మిక్సీ, గ్రైండర్లలో ఉంది కాబట్టి వాటి గురించి వివరంగా చూద్దాం.

నాలుగో పని: మిక్సీ, గ్రైండర్ సంగతి తేల్చుకోండి

మన మిక్సీకీ, టేబుల్ టాప్ వెట్ గ్రైండర్‌కీ లోపల ఉండే మోటార్లు ఒకటి కావు. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌ల మోటారు. ఆన్ చేసినప్పుడు అడుగున గాలి రంధ్రాల్లోంచి నీలి మెరుపులు కనిపిస్తాయే, అవి ఆ బ్రష్‌లవే. ఈ మోటారుకు హెర్ట్జ్‌తో పెద్దగా పట్టింపు లేదు, వోల్టేజి సరిపోతే చాలు. కాబట్టి సరైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఇంటి మిక్సీ అమెరికాలో తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వట్టి అడాప్టర్‌తో పెడితే మూలుగుతూ తిరుగుతుంది. చట్నీకి వేసిన పల్లీలు కూడా నలగవు. ఎక్కువసేపు అలా బలవంతంగా తిప్పితే మోటారు వేడెక్కిపోతుంది.

వెట్ గ్రైండర్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు. దాని వేగాన్ని నిర్ణయించేది హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని పెంచగలదు గానీ హెర్ట్జ్‌ను మార్చలేదు. కాబట్టి 50 హెర్ట్జ్ గ్రైండర్‌ను 60 హెర్ట్జ్ మీద పెడితే దాదాపు ఐదో వంతు వేగం ఎక్కువగా తిరుగుతుంది, రాళ్ళను తిప్పే బలం మాత్రం తగ్గుతుంది. పిండి అంచుల పైకి ఎగరడం, గట్టి మినప్పిండి దగ్గర ఆగిపోవడం, మోటారు వేడెక్కడం అన్నీ చూడాల్సి వస్తుంది. ఇక ట్రాన్స్‌ఫార్మర్ కూడా లేకుండా 120 వోల్టులకు తగిలిస్తే మొదలవ్వడానికే బలం చాలదు. గుయ్‌మని శబ్దం చేస్తూ నిలబడిపోయి వైండింగ్ కాలుతుంది. కాబట్టి 230 వోల్టుల వెట్ గ్రైండర్‌ను అమెరికాకు మోసుకెళ్ళొద్దు. నేను ఎవరు అడిగినా ఇదే చెబుతాను.

మరేం చేయాలి? 110 వోల్టుల మోడల్ కొనండి. 110 అని రాసి ఉన్నా అవి అమెరికాలోని 120 వోల్టుల సాకెట్ కోసం చేసినవే. ప్రీతి, అల్ట్రా లాంటి కంపెనీలు అమెరికా, కెనడాల కోసమే 110 వోల్టులు, 60 హెర్ట్జ్ మిక్సీలు, గ్రైండర్లు తయారు చేస్తున్నాయి. హైదరాబాద్, విజయవాడల్లాంటి చోట్ల పెద్ద దుకాణాల్లో అడిగితే తెప్పించి ఇస్తారు. అమెరికాలో కూడా ఇండియన్ స్టోర్లలో, ఆన్‌లైన్‌లో ఇవే దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువ. వారానికి రెండుసార్లు ఇడ్లీ, దోసె, రోజూ ఏదో ఒక పచ్చడి ఉండే ఇల్లయితే ఇక్కడే కొని తీసుకెళ్ళడం లాభం. ఎప్పుడో ఒకసారి వాడే కుర్రాళ్ళకు అక్కడి మామూలు బ్లెండర్ సరిపోతుంది. అయితే పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి, గట్టి మసాలాలు చిన్న బ్లెండర్లలో సరిగ్గా నలగవు. కొనేముందు అది మనసులో పెట్టుకోండి.

110 వోల్టుల మిక్సీ కొనేటప్పుడు కొన్ని చూసుకోండి. అడుగున పలక మీద వోల్టులతో పాటు 60 హెర్ట్జ్ అని కూడా ఉండాలి. యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తు ఉంటే ఇంకా మంచిది. అవి ఉత్తర అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే సంస్థల గుర్తులు. వారంటీ అమెరికాలో చెల్లుతుందో లేదో బిల్లు రాయించేటప్పుడే అడగండి. జార్ల కింద ఉండే కప్లర్లు, మూతల వాషర్లు, వీలైతే ఒక జత కార్బన్ బ్రష్‌లు విడిగా కొనుక్కోండి. అరిగేవి అవే. ఇక్కడ చేతికందే ధరకు దొరికే కప్లర్ కోసం అక్కడ పార్సిల్ వచ్చేదాకా ఎదురుచూడాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కొత్త 110 వోల్టుల మిక్సీ ఇంటికి రాగానే "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. మన ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో చాలావాటికి అమెరికా చదును పిన్నులు కూడా దూరతాయి. పెట్టి స్విచ్ వేస్తే రెట్టింపు వోల్టేజికి ఆ మోటారు అక్కడికక్కడే కాలిపోవచ్చు. పరీక్షించాలంటే దుకాణంలోనే, వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టి చూపించమనండి. ఇంటికి తెచ్చాక ప్లగ్గుకు ఎర్ర టేపు చుట్టి, "230లో పెట్టొద్దు" అని రాసి అంటించండి.

ఐదో పని: ట్రాన్స్‌ఫార్మర్ తప్పదనుకుంటే ఇలా ఎంచుకోండి

కొత్తగా కొన్న ఖరీదైన మిక్సీ ఉంది, దాన్నే తీసుకెళ్తాం అంటారా? అయితే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది 120 వోల్టులను 230 దగ్గరికి పెంచుతుంది. స్టెప్ డౌన్ అంటే తగ్గించేది. కొన్ని పెట్టెలు స్విచ్ మార్చితే రెండు పనులూ చేస్తాయి. అలాంటిది కొంటే స్విచ్ ఎటు ఉందో చూడకుండా ఎప్పుడూ ఆన్ చేయొద్దు.

ట్రావెల్ కన్వర్టర్ అని అరచేతిలో పట్టేంత డబ్బా అమ్ముతారు. దాని మీద 2000 వాట్లు అని కూడా రాసి ఉండొచ్చు. నమ్మి మిక్సీకి తగిలించకండి. అలాంటివి చాలావరకు హెయిర్ డ్రయర్ లాంటి వేడి వస్తువులకు కాసేపు వాడుకునేందుకు చేసినవి. అవి ఇచ్చే కరెంటు అలలు తెగి తెగి ఉంటాయి. మోటార్లకు, ఎలక్ట్రానిక్ సర్క్యూట్లకు అది పడదు. ఇనుప పలకల మీద రాగి తీగ చుట్టిన అసలు ట్రాన్స్‌ఫార్మర్ బరువుగా ఉంటుంది. చేత్తో ఎత్తి చూస్తేనే తేడా తెలిసిపోతుంది.

సైజు లెక్క ఇలా వేయండి. మిక్సీ మీద 750 వాట్లు అని ఉంటే 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ చాలదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. కాబట్టి కనీసం రెట్టింపు, అంటే 1500 వాట్లది తీసుకోండి. 2000 వాట్లదైతే ఇంకా నిశ్చింత. చవక రకాల మీద రాసే అంకె కొద్ది క్షణాలు మాత్రమే తట్టుకునే గరిష్ఠం కావచ్చు. నిరంతరంగా ఎంత ఇవ్వగలదో అడగండి. దాన్ని అమెరికాలో కొనడమే తెలివైన పని. అక్కడి ప్లగ్గుతోనే వస్తుంది, మన లగేజీ బరువు మిగులుతుంది.

గోడ వైపు లెక్క కూడా ఒకటుంది. 120 వోల్టుల దగ్గర అదే 750 వాట్లకు ఆరు ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. అమెరికా ఇళ్ళలో గదుల సర్క్యూట్ సాధారణంగా 15 ఆంపియర్లది, అంటే మొత్తం 1800 వాట్లు. వంటగది సాకెట్లకు 20 ఆంపియర్లు ఉంటాయి. కాబట్టి మిక్సీని వంటగదిలోనే వాడండి. అదే సర్క్యూట్ మీద టోస్టరో, మైక్రోవేవో నడుస్తున్నప్పుడు మిక్సీ వేస్తే బ్రేకర్ పడిపోయి కరెంటు పోవచ్చు.

వాడకం అయిపోయాక ట్రాన్స్‌ఫార్మర్‌ను గోడ సాకెట్ నుంచి ఊడదీయండి. ఏ వస్తువూ తగిలించకపోయినా అది కొంత కరెంటు తింటూ వేడెక్కుతూనే ఉంటుంది. స్విచ్ కట్టేద్దామంటే అక్కడి సాకెట్లకు మనలా పక్కన స్విచ్ ఉండదు. గోడలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. మనవాళ్ళకు ఇది అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుంది.

బట్టలారబెట్టే డ్రయర్ వెనక 240 వోల్టుల సాకెట్ ఉంటుంది కదా, దానికి తీగ లాగి గ్రైండర్ నడుపుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. వినకండి. ఆ సాకెట్‌లో 240 వచ్చేది రెండు లైవ్ తీగల మధ్య. మన వస్తువు స్విచ్ ఒక తీగనే తెంపుతుంది కాబట్టి, ఆఫ్ చేశాక కూడా లోపల కరెంటు ఉండిపోతుంది. హెర్ట్జ్ తేడా కూడా పోదు. అద్దె ఇంట్లో వైరింగ్ మీద చేయి వేసినందుకు వచ్చే తలనొప్పి వేరే.

ఆరో పని: ప్లగ్గులు

ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ కొనేముందు దాని తీగ చూడండి. గోడ నుంచి డబ్బా దాకా వచ్చే తీగ చాలావాటికి ఊడి వస్తుంది. చివర మూడు రంధ్రాలు తామర రేకుల్లా గుండ్రంగా ఉండేది ఒక రకం, ఎనిమిది అంకె ఆకారంలో ఉండేది ఇంకో రకం. ఆ తీగ ఒక్కటే అక్కడి ప్లగ్గుతో కొనుక్కుంటే సరిపోతుంది. గోడకు వేలాడుతూ ఊగిసలాడే అడాప్టర్ కన్నా ఇది ఎంతో గట్టిగా, భద్రంగా ఉంటుంది. హైదరాబాద్‌లో కోఠి, ట్రూప్ బజార్ వైపు వెళ్తే వెతుక్కోవచ్చు, అమెరికాలోనైతే ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా ఉంటుంది.

మొదటి వారం గడవడానికి రెండు అడాప్టర్లు చాలు. మన మూడు గుండు పిన్నులు తీసుకుని, అవతల రెండు చదును పిన్నులు, ఒక గుండ్రటి ఎర్త్ పిన్ను ఉండేది ఎంచుకోండి. ఎర్త్ పిన్ను లేని చవక అడాప్టర్ పెడితే ఆ వస్తువుకు ఎర్తింగ్ తెగిపోతుంది. ఫోన్ ఛార్జర్లకు ఎర్త్ అవసరం లేదు. వాటి మీద చతురస్రం లోపల ఇంకో చతురస్రం గుర్తు ఉంటుంది, రెండు పొరల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. లోహపు ఒంటితో ఉండే వస్తువులకు మాత్రం ఎర్త్ తప్పనిసరి.

మన ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తీసుకెళ్ళి, దాని ప్లగ్గుకు ఒక్క అడాప్టర్ పెట్టి ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ దానికే తగిలించడం చాలామంది చేసే పని. ఛార్జర్లకు మాత్రమే వాడితే పరవాలేదు. అక్కడ కొన్న రూమ్ హీటర్‌నో, కెటిల్‌నో మాత్రం దానికి తగిలించొద్దు. 120 వోల్టుల దగ్గర అదే పనికి కరెంటు రెట్టింపు ప్రవహిస్తుంది. సన్నటి తీగ వేడెక్కి కరిగిపోతుంది.

బ్రిటన్, దుబాయ్, కువైట్, ఖతర్, సింగపూర్, మలేషియాల్లో మూడు పలకల పిన్నుల ప్లగ్గు. గల్ఫ్‌లో మనవాళ్ళు ఉండే గదుల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. పై రంధ్రంలో పెన్ను మూతో, స్క్రూడ్రైవరో గుచ్చి మూతలు తెరిచి, మన రెండు పిన్నుల ప్లగ్గును కింది రంధ్రాల్లోకి తోస్తారు. ఆ మూతలు పిల్లల వేళ్ళు, లోహపు ముక్కలు లోపలికి పోకుండా పెట్టినవి. లోపల పలకల కోసం చేసిన పట్టు గుండు పిన్నును సరిగ్గా పట్టుకోదు. వదులైన చోట నిప్పురవ్వలు వస్తాయి. కొద్దిపాటి ఖరీదు చేసే అడాప్టర్ వాడండి. మిక్సీలాంటి రోజూ వాడే వస్తువుకైతే ప్లగ్గే మార్పించుకోండి. బ్రిటన్ ప్లగ్గు లోపల ఫ్యూజు ఉంటుంది. 700 వాట్ల లోపు వస్తువులకు 3 ఆంపియర్లది, అంతకు మించితే 13 ఆంపియర్లది వేస్తారు. గోధుమ రంగు తీగ ఫ్యూజు వైపు, నీలం ఎదుటి వైపు, ఆకుపచ్చ పసుపు చారల తీగ పైనున్న పొడవాటి పిన్నుకు వెళ్ళాలి. ఇందులో ఏమాత్రం అనుమానం ఉన్నా ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

జర్మనీలో మన ఫోన్ ఛార్జర్ల సన్న రెండు పిన్నులు చాలావరకు నేరుగా దూరతాయి. మూడు పిన్నులవి దూరవు. ఆస్ట్రేలియాలో పిన్నులు ఏటవాలుగా ఉంటాయి, దానికి వేరే అడాప్టర్.

ఏడో పని: విమానం కోసం సర్దడం

పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో పెడితే తీసేస్తారు. 100 వాట్ అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ దాదాపు 74 వాట్ అవర్లు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. విడి బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే.

మిక్సీ బ్లేడ్లు, జార్లు చెకిన్‌లో పెట్టాలి. జార్లలో బట్టలు కుక్కి, మోటారును సూట్‌కేసు మధ్యలో దుప్పట్ల నడుమ పెట్టండి. గ్రైండర్ తీసుకెళ్తుంటే రాళ్ళను విడిగా చుట్టండి. డ్రమ్ములోనే వదిలేస్తే విమానం దిగేసరికి డ్రమ్ము సొట్టలు పడుతుంది. టేబుల్ టాప్ గ్రైండర్ ఒక్కటే 23 కిలోల పెట్టెలో చాలా భాగం తినేస్తుందని ముందే లెక్క వేసుకోండి.

ఎనిమిదో పని: అక్కడ మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

ట్రాన్స్‌ఫార్మర్‌ను పొడిగా, గాలి ఆడే చోట, సింకుకు దూరంగా పెట్టండి. ముందు దాన్ని గోడకు తగిలించండి. తర్వాత మిక్సీని దానికి. ఖాళీ జారుతో తక్కువ వేగంలో కొన్ని సెకన్లు తిప్పి ఆపండి. కాలిన వాసన, మామూలుగా లేని శబ్దం ఏమైనా ఉంటే వెంటనే ప్లగ్గు లాగేయండి. అన్నీ బాగుంటే కొద్ది పదార్థంతో మొదలుపెట్టండి. మధ్యలో మిక్సీ ఆగిపోతే కంగారు పడొద్దు. చాలా మిక్సీలకు అడుగున ఎర్రటి చిన్న బటన్ ఉంటుంది. భారం ఎక్కువైనప్పుడు అది బయటికి వస్తుంది. ప్లగ్గు తీసి, కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి, దాన్ని లోపలికి నొక్కితే మళ్ళీ పనిచేస్తుంది.

అక్కడి వంటగది సాకెట్ల మధ్యలో టెస్ట్, రీసెట్ అని రెండు బటన్లు కనిపిస్తాయి. కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోంచి పోయే ప్రమాదం ఉంటే సాకెట్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు అది. మన వస్తువు పెట్టిన ప్రతిసారీ ఆ సాకెట్ ఆగిపోతుంటే తప్పు సాకెట్‌ది కాకపోవచ్చు. మోటారులోకి తడి పోయిందేమో, తీగ చిట్లిందేమో చూడండి. ఆ బటన్లు లేని సాకెట్ వెతుక్కుని అక్కడ పెట్టడం మాత్రం చేయొద్దు. కొత్త అపార్ట్‌మెంట్లలో నిప్పురవ్వలను పసిగట్టే బ్రేకర్లు కూడా ఉంటాయి. మిక్సీ బ్రష్‌ల మెరుపులకే అవి ఒక్కోసారి పడిపోతాయి. బ్రష్‌లు అరిగినప్పుడు మెరుపులు ఎక్కువవుతాయి కాబట్టి, ఒకప్పుడు బాగా నడిచిన మిక్సీ ఇలా చేయడం మొదలుపెడితే ముందు బ్రష్‌లు మార్చి చూడండి.

అమ్మానాన్నలు వస్తున్నప్పుడు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పెద్దవాళ్ళు ఆరు నెలల కోసం వచ్చేటప్పుడు మందులన్నీ సరిగ్గా తెచ్చుకుంటారు, మెషీన్ల దగ్గర పొరపాటు జరుగుతుంది. నిద్రలో ఊపిరి కోసం వాడే సీపాప్ మెషీన్లు చాలావరకు 100-240కే వస్తాయి. అయినా డబ్బా మీద కాకుండా దాని పవర్ అడాప్టర్ మీద చదివి చూసుకోండి. నెబ్యులైజర్ అలా కాదు. కంప్రెసర్ రకం నెబ్యులైజర్లు చాలావాటి మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అనే ఉంటుంది. ఆయాసం వచ్చిన రాత్రి అది పనిచేయకపోతే ఎంత టెన్షన్ పడాల్సి వస్తుందో చెప్పక్కర్లేదు. వాళ్ళు విమానం ఎక్కేముందే, 120 వోల్టులదో బ్యాటరీతో నడిచేదో ఒకటి మీరు అక్కడ కొని సిద్ధంగా పెట్టండి. వాళ్ళు వాడే మాస్కు, గొట్టం దానికి సరిపోతాయో కూడా చూసుకోండి. బీపీ మెషీన్లు, గ్లూకోమీటర్లు బ్యాటరీలతో నడుస్తాయి కాబట్టి దిగులు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు

ఇటు నుంచి అటు వెళ్ళేటప్పుడు తప్పు జరిగితే వస్తువు చాలావరకు నిదానంగా నడుస్తుంది. అటు నుంచి ఇటు తెచ్చినప్పుడు తప్పు జరిగితే కాలిపోతుంది. 120 వోల్టుల వేడి వస్తువును 230లో పెడితే మూడున్నర రెట్లకు పైగా శక్తి లాగుతుంది. ఇష్టంగా కొనుక్కున్న ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్), హెయిర్ డ్రయర్, పిల్లల బొమ్మల ఛార్జర్లు అన్నిటికీ రెండో పనిలో చెప్పినట్టే పలకలు చదవండి. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 60 హెర్ట్జ్ కోసం చేసిన ఇండక్షన్ మోటార్లు మన 50 హెర్ట్జ్ మీద నిదానంగా తిరుగుతూ ఎక్కువ వేడెక్కుతాయి. అందుకే 110 వోల్టుల గ్రైండర్‌ను వెనక్కి మోసుకురావడం కన్నా అక్కడే ఉన్న తెలుగు కుటుంబానికి ఇచ్చేసి రావడం మంచిది.

అమెరికాలో వాడిన ఎక్స్‌టెన్షన్ బాక్సును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తేవద్దు. సర్జ్ ప్రొటెక్టర్ అని రాసి ఉన్న వాటిలో వోల్టేజి పెరిగినప్పుడు అడ్డుకునే చిన్న బిళ్ళలు ఉంటాయి. అవి 120 వోల్టుల కోసం చేసినవి. మన 230లో పెట్టగానే, ఏ వస్తువూ తగిలించకపోయినా, అవి వేడెక్కి పగలవచ్చు, అంటుకోవచ్చు. పిల్లలు సామాను సర్దేటప్పుడు అన్ని ఛార్జర్లతో పాటు అది కూడా పెట్టెలోకి వచ్చేస్తుంది. పెట్టె మూసేముందు వెతికి బయట పెట్టేయండి.